స్వెటర్ ఒక్కటే చాలదు: చలికి వెచ్చగా, చూడ్డానికి బాగా తయారయ్యే పద్ధతి

మన ఇళ్లలో చలికాలం బట్టలంటే బీరువా పై అరలో ఒక స్వెటర్, ఒక శాలువా, పెద్దవాళ్లకో మంకీ క్యాప్. ఏడాదిలో కొద్ది వారాల చలికి ఇంతకంటే ఎందుకన్నది న్యాయమైన లెక్కే. చిక్కంతా ఢిల్లీలో ఉద్యోగం వచ్చినప్పుడో, చికాగోలో సీటు దొరికినప్పుడో, డిసెంబర్‌లో లంబసింగి పోదామని స్నేహితులు బయల్దేరదీసినప్పుడో మొదలవుతుంది. హడావుడిగా షాపుకెళ్లి, ఉన్నవాటిలోకెల్లా లావుగా కనబడిన జాకెట్ కొనేస్తాం. దాంతో మెట్రోలో చెమటలు పడతాయి, బయటికొస్తే మెడ దగ్గర గాలి దూరుతుంది, ఫొటోలో చూస్తే పరుపు చుట్టుకున్నట్టు ఉంటాం.

వెచ్చదనం బట్ట లావులో లేదు. ఒంటికీ బట్టకీ మధ్య, ఒక బట్టకీ ఇంకో బట్టకీ మధ్య కదలకుండా నిలిచే గాలిలో ఉంది. ఆ గాలిని పట్టి ఉంచడానికి రెండు మూడు పల్చని పొరలు సరిపోతాయి. పల్చగా ఉంటాయి కాబట్టి ఒంటి తీరు కనబడుతుంది, వేడెక్కితే ఒకటి తీసేయొచ్చు. అందంగా కనబడటం, వెచ్చగా ఉండటం అన్న రెండు పనులూ ఒకే కిటుకుతో అవుతాయి. ఏ పొర ఎక్కడ, ఎంత అన్నదే ఇక తేలాల్సింది.

1. ముందు మీ చలి ఏ రకమో తేల్చుకోండి

థర్మామీటర్ అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం. రోజులో ఎంతసేపు బయట ఉంటారు, లోపల హీటింగ్ ఉందా లేదా, ఎండ ఎప్పుడొస్తుంది, గాలి ఎంత అన్న నాలుగూ చూడాలి.

హైదరాబాద్ సంగతి తీసుకోండి. డిసెంబర్, జనవరిల్లో పొద్దున 12 నుంచి 15 డిగ్రీలు ఉంటుంది. కొన్ని రోజులు పటాన్‌చెరు, శేరిలింగంపల్లి వైపు 10 లోపుకీ దిగుతుంది. మధ్యాహ్నానికి మాత్రం 28 దగ్గరికి పోతుంది. అంటే పొద్దున ఏడింటికి వేసుకున్నది పదకొండుకల్లా తీసి బ్యాగులో పెట్టుకోవాల్సిందే. బ్యాగులో పట్టనిది ఏదైనా సరే, హైదరాబాద్‌కి దండగ. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు ఒక పొర ఎక్కువ కావాలి. విజయవాడ, కాకినాడల్లో ఉండేవాళ్లకు ఒక మంచి శాలువా చాలు.

ఢిల్లీ వేరు. జనవరి రాత్రి కనిష్ఠం 7 డిగ్రీల దగ్గర తిరుగుతుంది. పొగమంచు పట్టిన రోజుల్లో మధ్యాహ్నం కూడా ఎండ మొహం కనబడదు. అసలు దెబ్బ ఇంట్లో తగులుతుంది. మామూలు ఇళ్లలో హీటింగ్ ఉండదు, నేల ఐసు గడ్డలా ఉంటుంది, పీజీ గదిలో కూర్చుని చదువుకుంటుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. కాబట్టి ఢిల్లీ వెళ్లేవాళ్లు డబ్బు పెట్టాల్సింది లోపలి పొర మీద, ఇంట్లో వేసుకునే స్వెటర్ మీద, సాక్సుల మీద.

చికాగో దీనికి తలకిందులు. జనవరి రాత్రుల సగటు కనిష్ఠం మైనస్ 7 దరిదాపుల్లో ఉంటుంది. 2019 జనవరి 30న మైనస్ 31 దాకా పడిపోయింది. అయినా క్లాసులో, ఇంట్లో, రైల్లో 20, 21 డిగ్రీల వెచ్చదనం. బయట ఉండేది బస్‌స్టాప్‌లో పది నిమిషాలు. ఆ పది నిమిషాలు మాత్రం ప్రాణం మీదికొస్తాయి. అక్కడ పై కోటు, బూట్లు గట్టివి కావాలి. లోపల సులువుగా తీసేసే పల్చని పొరలుండాలి. ఒకే మనిషి ఢిల్లీ నుంచి చికాగో వెళ్తే పెట్టె మొత్తం మార్చుకోవాల్సి వస్తుందన్నమాట.

మనవాళ్లు ఎక్కువగా ఉండే డల్లాస్‌లో చలి తక్కువే. కానీ 2021 ఫిబ్రవరిలో అక్కడ మైనస్ 19 దాకా దిగింది, ఎన్నో ఇళ్లకు కరెంటు పోయింది. టెక్సస్‌లో ఉన్నా సరే, ఇంటిల్లిపాదికీ ఒక్కో పూర్తి సెట్టు ఉంచుకోవడం మంచిది.

2. ఒంటిని అంటుకునే పొర

దీని పని చెమటను ఒంటి మీద నిలవనీయకపోవడం. వెచ్చదనం ఆ తర్వాతే. తడి ఎందుకంత ప్రమాదమంటే, నీరు గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. పాడేరు దగ్గర వంజంగి కొండ ఎక్కినవాళ్లను అడగండి. చీకట్లో ఎక్కుతున్నంతసేపూ చెమటలు కారతాయి. పైకి చేరి, మేఘాల కోసం ఎదురుచూస్తూ గాలిలో నిలబడగానే వణుకు పుడుతుంది. ఆ వణుకుకి సగం కారణం లోపలున్న కాటన్ బనియన్. కాటన్ చెమటను పీల్చుకుంటుంది గానీ వదలదు. మనకు ఎండాకాలంలో ప్రాణం పోసే గుణమే అక్కడ పగబడుతుంది.

కొండ ఎక్కేవాళ్లకు, బైకు మీద దూరం వెళ్లేవాళ్లకు పాలిస్టర్ థర్మల్స్ కానీ, మెరీనో జాతి గొర్రెల సన్నని ఉన్ని కానీ కావాలి. మెరీనోకి ఖరీదెక్కువ, కానీ వాసన పట్టదు. ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం తేమను పీల్చుకుని కూడా చేతికి తడిగా తగలదు. ఉన్ని అంటే దురద అని భయపడేవాళ్లకు ఒక మాట: దురద పోగు లావును బట్టి వస్తుంది. మెరీనో పోగు 19 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపుంటే చాలామందికి గుచ్చుకోదు. ఢిల్లీ గదిలో కూర్చునేవాళ్లకు మాత్రం కాటన్ కలిసిన మామూలు ఇన్నర్స్ కూడా నడుస్తాయి, చెమట పట్టే పని లేదు కదా.

కొలత ముఖ్యం. ఇన్నర్ ఒంటికి అతుక్కోవాలి, బిగించకూడదు. మెడ రకం కూడా చూసి కొనండి. షర్టు మొదటి గుండీ విప్పితే లోపలి బూడిద రంగు థర్మల్ తొంగి చూడటమంత వికారం మరోటి లేదు. షర్టు, కుర్తా వేసేవాళ్లు లోతు మెడ ఉన్నది తీసుకోవాలి. రంగు తెలుపు కంటే చామనఛాయకు దగ్గరగా ఉంటే పల్చని బట్టలోంచి కనబడదు. ఒంటి పైభాగానికి రెండు జతలు, కాళ్లకు రెండు జతలు ఉంటే ఉతికి ఆరేసుకోవడానికి సరిపోతుంది.

3. మధ్య పొర

గాలిని పట్టి ఉంచే పని దీనిది. ఉన్ని స్వెటర్, ఫ్లీస్ (నూగున్న మెత్తటి పాలిస్టర్ గుడ్డ), పల్చని పఫర్ (లోపల నూగో సింథటిక్ దూదో నింపి ఉబ్బుగా కుట్టిన జాకెట్), రెండు మడతల శాలువా, ఏదైనా సరే. ఇక్కడ లేబుల్ చదవడం నేర్చుకుంటే చాలా డబ్బు మిగులుతుంది.

షాపులో ఉన్ని స్వెటర్ అని చూపించేవాటిలో చాలావరకు అక్రిలిక్ అనే సింథటిక్ నూలువి. మన ఇళ్లలో కాష్మిలాన్ అని పిలిచేది కూడా అక్రిలిక్ నూలే, కశ్మీరుకీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. అక్రిలిక్ చెడ్డదని కాదు. చవక, మెషిన్‌లో ఉతకొచ్చు, హైదరాబాద్ చలికి ధారాళంగా సరిపోతుంది. ఉన్ని ధర పెట్టి అక్రిలిక్ కొనకూడదు, అంతే. అనుమానమొస్తే లోపలి కుట్టు దగ్గర ఒక పోగు తీసి జాగ్రత్తగా కాల్చి చూడండి. ఉన్నయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, మంట తీయగానే ఆరిపోయి, వేళ్ల మధ్య నలిగే బూడిదవుతుంది. అక్రిలిక్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. సగం ఉన్ని, సగం సింథటిక్ కలిసినవి మామూలు వాడకానికి మంచి బేరం. గట్టిగా ఉంటాయి, ధర అందుబాటులో ఉంటుంది.

చలికాలం రాగానే మన ఊళ్లలో రోడ్డు పక్కన వరసగా వెలిసే టిబెటన్ల స్వెటర్ దుకాణాలను చిన్నచూపు చూడకండి. వాళ్ల సరుకు చాలావరకు లుధియానా నుంచి వస్తుంది, పెద్ద షోరూముల్లో వేలాడే వాటిలో కూడా లుధియానా సరుకు బోలెడు. అక్కడ చూడాల్సింది మూడు: చంక దగ్గర కుట్టు రెండు వరసలుందా, మణికట్టు పట్టీ సాగదీసి వదిలితే వెనక్కి పోతోందా, అరచేత్తో పదిసార్లు రుద్దితే ఉండలు లేస్తున్నాయా. ఉండలు లేచేది ఎంత ముద్దొచ్చినా వదిలేయండి.

ఏ మెడ కొనాలన్నది చాలామంది ఆలోచించరు. షర్టు మీదికి వీ మెడ, టీషర్టు మీదికి గుండ్రటి మెడ, పొడుగు మెడవాళ్లకు మెడంతా కప్పే టర్టిల్‌నెక్. మెడ పొట్టిగా ఉన్నవాళ్లు టర్టిల్‌నెక్ వేస్తే గడ్డం నేరుగా భుజాల మీద కూర్చున్నట్టుంటుంది, వాళ్లు వీ మెడ వేసుకుని విడిగా మఫ్లర్ చుట్టుకోవడం నయం. తరచూ వేసి తీసేవాళ్లకు తల మీంచి లాగే స్వెటర్ కంటే ముందు గుండీలున్న కార్డిగన్ మేలు. జుట్టు చెదరదు, బొట్టు చెరగదు.

శాలువా గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే మన దగ్గర ఇప్పటికే ఉన్న మంచి సరుకు అదే. ఇంట్లో సన్మానాలకు కప్పినవి, కశ్మీరు టూర్‌లో కొన్నవి రెండు మూడైనా ఉంటాయి. నిజమైన పష్మీనా లడఖ్ ప్రాంతపు చాంగ్‌తాంగీ మేకల లోపలి నూగు నుంచి వస్తుంది. పోగు 12 నుంచి 16 మైక్రాన్లే ఉంటుంది, అందుకే అంత పల్చగా ఉండి అంత వెచ్చన. కశ్మీరు పష్మీనాకు 2008లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కొన్ని వందలకే పష్మీనా అని ఇస్తున్నారంటే అది పష్మీనా కాదు, బేరమాడి లాభం లేదు.

ఇక తెలంగాణలో కురుమలు, గొల్లలు తరతరాలుగా కప్పుకునే గొంగడి ఉంది. దక్కనీ గొర్రెల నల్ల ఉన్నితో గుంత మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పెడతారు. వాన చినుకును కూడా కాస్త ఆపుతుంది. ముతక కాబట్టి ఒంటికి తగలనివ్వకూడదు, పై పొరగానో, రాత్రి దుప్పటి మీద దుప్పటిగానో వాడాలి. ఈ ఉన్నితో ఇప్పుడు బూట్లు కూడా చేస్తున్నారు. గొంగడి గుడ్డతో చేతుల్లేని కోటు కుట్టించుకుని, లోపల తెల్ల కాటన్ కుర్తా వేసి చూడండి. ఏ మాల్‌లోనూ దొరకని డ్రెస్ అవుతుంది.

4. పై పొర: గాలిని ఆపేది

లోపల ఎన్ని పొరలున్నా గాలి దూసుకుపోతే అవి పట్టిన వెచ్చదనమంతా పోతుంది. 10 డిగ్రీల పొద్దున గంటకు 40 కిలోమీటర్ల వేగంతో బండి నడిపితే, ఒంటికి తగిలే చలి 6 డిగ్రీల లెక్కన ఉంటుంది. లంబసింగి ఘాట్‌లో 5 డిగ్రీలప్పుడు 50 మీద వెళ్తే సున్నా కిందే. బైకు మీద వెళ్లేవాళ్లకు అన్నిటికంటే లావైన స్వెటర్ కంటే, మామూలు స్వెటర్ మీద ఒక పల్చని విండ్‌చీటర్ ఎక్కువ కాపాడుతుంది. అత్యవసరంలో రెయిన్‌కోట్ కూడా ఆ పని చేస్తుంది, చూడ్డానికి మాత్రం హామీ ఇవ్వలేను.

మంచు కురిసే దేశానికి రెండు దారులున్నాయి. ఈకల నూగు నింపిన డౌన్ పఫర్ తేలిక, బాగా వెచ్చన. తడిస్తే మాత్రం నూగు ముద్దయిపోయి పనికిరాదు. ఎప్పుడూ వాన పడే లండన్ లాంటి చోటికి సింథటిక్ నింపినదో, పైన నీరు పట్టనిదో మంచిది. డౌన్ కొంటే, నూగు ఎంత ఉబ్బి గాలిని పట్టుకుంటుందో చెప్పే ఫిల్ పవర్ అంకె చూడండి: 550, 600 మామూలు వాడకానికి చాలు, 700 పైన ఉంటే అదే వెచ్చదనం ఇంకా తక్కువ బరువులో వస్తుంది. రెండో దారి వూల్ ఓవర్‌కోటు. ఆఫీసుకు, పెళ్లికి, ఎయిర్‌పోర్టుకు దీన్ని మించిన హుందా లేదు. 70 శాతం పైన ఉన్ని, లోపల పూర్తి లైనింగ్ ఉన్నది తీసుకోండి. మైనస్ 15 కిందికి పోయే రోజుల్లో మాత్రం పఫరే.

కోటు కొనేటప్పుడు మీ దగ్గరున్న అన్నిటికంటే లావు స్వెటర్ వేసుకుని వెళ్లండి. గుండీలు పెట్టాక చేతులు పైకెత్తి బస్సు రాడ్ పట్టుకున్నట్టు నిలబడండి. వీపు పట్టేసినా, చేయి మణికట్టు దాటి వెనక్కి పోయినా వద్దు. భుజం కుట్టు భుజం అంచు మీదే పడాలి. చేతుల పొడవు, నడుము దర్జీ సరిచేస్తాడు, భుజాలు సరిచేయడం అతనికి కూడా తలనొప్పే. పొడవు తొడల సగం దాకా ఉంటే బస్‌స్టాప్ గాలికి నిలబడగలరు. నడుం దగ్గరే ఆగిపోయే పఫర్లు ఫొటోలకు బాగుంటాయి, చికాగో మిషిగన్ సరస్సు గాలికి కాదు.

విద్యార్థులు తరచూ అడిగేది: కోటు ఇక్కడ కొనాలా, అక్కడా? ఆగస్టులో వెళ్లేవాళ్లు ఇక్కడ కొని ఇరవై మూడు కిలోల పెట్టెలో సగం దానికే ఇవ్వడం తెలివి కాదు. నవంబర్ చివర్లో అక్కడ తగ్గింపు ధరలు మొదలవుతాయి, గుడ్‌విల్ లాంటి పాత బట్టల దుకాణాల్లో మంచి వూల్ కోట్లు అతి చవకగా దొరుకుతాయి. జనవరిలో దిగేవాళ్లు మాత్రం విమానం దిగేసరికే ఒంటి మీద ఒకటి ఉండాలి. వాళ్లు ఇక్కడి డెకాథ్లాన్ లాంటి చోట ఒక పఫర్ కొనుక్కుని, చేతిలో పట్టుకుని విమానం ఎక్కాలి. థర్మల్స్, శాలువాలు, స్వెటర్లు ఎవరైనా ఇక్కడినుంచే తీసుకెళ్లడం లాభం.

5. తల, చేతులు, పాదాలు

ఒంటి వేడిలో సగం తలలోంచి పోతుందని చెప్పే మాట నిజం కాదు. తల ఒంట్లో పదో వంతు, వేడి కూడా రమారమి అంతే పోతుంది. అయినా చెవులు, ముక్కు చలిని ముందు పట్టుకుంటాయి కాబట్టి టోపీ తప్పదు. మంకీ క్యాప్‌ను చూసి నవ్వేవాళ్లు తెల్లవారుజామున పాలు పోసే మనిషిని అడిగితే దాని విలువ తెలుస్తుంది. స్టైల్ కావాలంటే అదే పనిని బీనీ టోపీ, మెడకు మఫ్లర్ కలిసి చేస్తాయి. తలకు కొబ్బరినూనె రాసుకునేవాళ్లు ఒకటి గమనించాలి: ఆ నూనె 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది, టోపీకి, కోటు కాలరుకు మరక పట్టిస్తుంది. టోపీ లోపల పల్చని సిల్కు స్కార్ఫ్ కట్టుకుంటే మరకా ఉండదు, జుట్టు చిట్లడమూ తగ్గుతుంది. మఫ్లర్ రోజుల్లో జుంకీలు వద్దు, నూలులో చిక్కుకుని చెవి లాగుతాయి. దిద్దులు చాలు.

చేతులకు వేళ్లున్న గ్లౌజుల కంటే వేళ్లన్నీ కలిసుండే మిట్టెన్లు ఎక్కువ వెచ్చన. ఫోన్ వాడాలంటే లోపల పల్చని టచ్ గ్లౌజులు, పైన మిట్టెన్లు.

పాదాల దగ్గర అందరూ చేసేది రెండు జతల సాక్సులు ఒకే బూటులో కుక్కడం. బూటు బిగుసుకుని రక్తం ఆడదు, లోపల గాలికి చోటుండదు, వేళ్లు ఇంకా చల్లబడతాయి. ఒక మంచి ఉన్ని సాక్సు, అర సైజు పెద్ద బూటు చాలు. మంచు దేశంలో అడుగు భాగం లోతైన గాళ్లున్న రబ్బరుదై ఉండాలి, నున్నటి తోలు అడుగుతో జారిపడతారు. అక్కడ రోడ్ల మీద చల్లే ఉప్పు వల్ల తోలు మీద తెల్లటి మరకలు పడతాయి. నీళ్లలో కాస్త తెల్ల వెనిగర్ కలిపి తుడిస్తే పోతాయి. ధనుర్మాసంలో తెల్లవారే గుడికి వెళ్లేవాళ్లు లేసులున్న బూట్లు మానేసి, ఇట్టే విడిచే రకం వేసుకోండి. సాక్సులు తీసి జేబులో పెట్టుకుంటే రాతి నేల మీద తడి పట్టకుండా, బయటికొచ్చాక వేసుకోవడానికి పొడిగా ఉంటాయి.

6. చూడ్డానికి కుదిరేలా

వెచ్చదనం వచ్చింది, ఇప్పుడు అందం. మొదటి సూత్రం: పైన కనబడేది ఒక్కటి మాట్లాడాలి, మిగతావి దానికి వత్తాసు పలకాలి. పోచంపల్లి ఇక్కత్ స్టోల్ మెడకు చుడితే కోటు, ప్యాంటు ఒక్క రంగువే ఉండాలి. గళ్ల కోటు వేస్తే మఫ్లర్ సాదాగా ఉండాలి.

ముదురు నీలం, బూడిద, ఒంటె రంగు, నలుపు, ఈ నాలుగింటిలో ఒకదాన్ని ఎంచుకుని కోటు, బూట్లు, ప్యాంటు అందులోనే కొనండి. అప్పుడు ఏది దేనిమీద వేసినా కుదురుతుంది. మన చర్మఛాయకు ముఖం దగ్గర ఆవపిండి పసుపు, కుంకుమ ఎరుపు, నెమలికంఠం, ఇటుక రంగు బ్రహ్మాండంగా పండుతాయి. నలుపు కోటు మీద లేత బూడిద మఫ్లర్ వేస్తే ముఖం వాడినట్టు కనబడుతుంది. షాపు అద్దం ముందు కాకుండా బయట వెలుతురులో పట్టి చూసుకోండి.

పొడవులు: పైన వదులైతే కింద సన్నగా, కింద వదులైతే పైన పొట్టిగా. పొడవాటి కార్డిగన్ కింద పటియాలా వేస్తే మనిషి పొట్టిగా కనబడతారు. అదే కార్డిగన్ కింద సన్న లెగ్గింగ్స్ వేస్తే ఎత్తు పెరుగుతుంది. పఫర్‌కు నడుం దగ్గర బెల్టు కానీ, కుట్టు వరసలు అడ్డంగా కాకుండా ఏటవాలుగా కానీ ఉంటే లావు తగ్గి కనబడుతుంది.

7. కొన్ని పూర్తి జతలు

హైదరాబాద్ ఆఫీసుకు: పల్చని కాటన్ షర్టు, వీ మెడ సన్న స్వెటర్, బండి మీదైతే విండ్‌చీటర్. ఆఫీసులో ఏసీకి స్వెటర్ ఎలాగూ పనికొస్తుంది.

సంక్రాంతి ముగ్గుకి: తెల్లవారుజామున వంగి చుక్కలు పెట్టేటప్పుడు శాలువా నేల మీద పాకి ముగ్గు చెరిపేస్తుంది. జిప్పు స్వెటర్ వేసి, చేతులు మోచేతి దాకా నెట్టుకోండి. లోపల పల్చని ఇన్నర్ ఉంటే పట్టులంగా అయినా, నైటీ అయినా పైకి తెలియదు. భోగి మంట దగ్గర మాత్రం నైలాన్, అక్రిలిక్, పఫర్ వద్దు. నిప్పురవ్వ పడితే ఇట్టే కరిగి చిల్లుపడుతుంది, ఒంటికి అంటుకుంటుంది. ఉన్ని శాలువా, మందపాటి కాటన్ బాగా నయం.

లంబసింగి, వంజంగికి: పాలిస్టర్ ఇన్నర్, ఫ్లీస్, విండ్‌చీటర్, టోపీ. నర్సీపట్నం నుంచి చీకట్లో ఘాట్ ఎక్కేటప్పుడు మూడు పొరలూ ఉండాలి, వంజంగి కొండ ఎక్కేటప్పుడు ఫ్లీస్ తీసి బ్యాగులో పెట్టి, పైకి చేరగానే చెమట తుడుచుకుని వేసుకోవాలి. ఈ వరస తప్పకండి. పొగమంచులో ఫొటో పడాలంటే ఎరుపో పసుపో టోపీ. బూడిద రంగు జాకెట్లన్నీ మంచులో కలిసిపోతాయి.

చీరకు: ఇది చాలామంది ఆశ వదులుకునే చోటు, అనవసరంగా. లంగా లోపల థర్మల్ లెగ్గింగ్స్, పాదాలకు ఉన్ని సాక్సులు, వాటి మీద చీలమండ దాటే బూట్లు. కుచ్చిళ్లు నేలను తాకకుండా వేలెడు పైకి కడితే మంచు, ఉప్పు తడి అంటవు. బ్లౌజు బదులు ఒంటికి అంటిన టర్టిల్‌నెక్ వేస్తే చేనేత చీరలకు భలే నప్పుతుంది. ముదురు రంగు ఖాదీ, నారాయణపేట, గద్వాల చీరల మీద నల్ల టర్టిల్‌నెక్ చూసిన వాళ్లు మళ్లీ మళ్లీ అడుగుతారు. పెళ్లికైతే వెల్వెట్‌తో ఫుల్ చేతుల బ్లౌజు కుట్టించండి, లోపల పల్చని ఇన్నర్ పట్టేలా కొలత ఇవ్వండి. ధనుర్మాసంలో పెళ్లిళ్లుండవు గానీ, మాఘంలో తెల్లవారుజాము ముహూర్తాలుంటాయి, మండపాలన్నీ గాలికి బార్లా తెరిచి ఉంటాయి. పైన శాలువాను రెండు భుజాల మీదుగా దుప్పటిలా కప్పేయకుండా, నిలువుగా మడిచి పైట వేసిన భుజం మీద పిన్ను పెట్టి, రెండో కొసను వెనక నుంచి తిప్పి ముంజేతి మీద వేసుకోండి. పైట అంచు కనబడుతుంది, వీపూ వెచ్చగా ఉంటుంది. చీర మీద కోటు వేయాలంటే మోకాలి కిందికి దిగేదే వేయాలి. నడుం దాకా ఉన్న జాకెట్ వేస్తే కుచ్చిళ్లు కింద నుంచి గొడుగులా ఉబ్బుతాయి.

మగవాళ్లకు పెళ్లికి: థర్మల్, కుర్తా, వూల్ నెహ్రూ జాకెట్. పంచె కట్టేవాళ్లు లోపల మోకాలి దాకా ఉన్న థర్మల్ వేసుకుంటే ఎవరికీ తెలియదు. పొడుగుది వేస్తే పీటల మీద కూర్చోగానే బయటపడుతుంది.

8. పిల్లలు, పెద్దలు

చిన్నపిల్లలకు మీరు వేసుకున్నదానికంటే ఒక పొర ఎక్కువ. మెడ వెనక చేయి పెట్టి చూడండి, చెమటగా ఉంటే ఒకటి తీసేయండి. నిద్రపోతున్న పసివాళ్ల ముఖం మీదికి జారే దుప్పట్లు, టోపీలు వద్దు. అమెరికాలో కారు సీట్లో లావు జాకెట్‌తో బెల్టు పెట్టకూడదు, ప్రమాదంలో జాకెట్ నొక్కుకుపోయి బెల్టు వదులైపోతుంది. పల్చని ఫ్లీస్‌తో బెల్టు పెట్టి, పైన దుప్పటి కప్పాలి. పెద్దవాళ్లకు తల మీంచి లాగేవి ఇవ్వకండి. ముందు గుండీలున్నవి, అవీ పెద్ద గుండీలు. ఇంట్లో జారని అడుగున్న సాక్సులు.

9. ఉతకడం, దాచడం

ఉన్నిని ప్రతిసారీ ఉతకక్కర్లేదు. వేసుకున్నాక రాత్రంతా గాలికి ఆరేస్తే వాసన పోతుంది. ఉతికితే చల్లటి నీళ్లు, ఉన్నికి తగిన లిక్విడ్ సబ్బు. పిండకూడదు. టవల్‌లో చుట్టి నొక్కి, నీడలో పరిచి ఆరబెట్టాలి. దండెం మీద వేలాడదీస్తే బరువుకు సాగి మోకాళ్ల దాకా దిగుతుంది.

చలి శివరాత్రికి శివశివా అంటూ పోతుందంటారు. ఆ వారంలో అన్నీ ఉతికి దాచేయండి. ఉతక్కుండా మాత్రం దాచొద్దు. ఉన్నిని తినేవి చిమ్మట పిల్లపురుగులు, చెమట, తిండి మరకలున్న చోట ముందు కొరుకుతాయి. శాలువాల మడతల మధ్య ఎండిన వేపాకు, కాటన్ సంచీలో స్వెటర్లు. కలరా ఉండలు వాడితే గుడ్డలో కట్టి బట్టకు తగలకుండా పెట్టండి, పసిపిల్లల బట్టల దగ్గర అసలు పెట్టకండి. డౌన్ జాకెట్‌ను నొక్కి ప్యాక్ చేసి ఏడాదంతా ఉంచితే నూగు మళ్లీ పూర్తిగా లేవదు, హ్యాంగర్‌కి వేలాడదీసి పైన పాత దుప్పటి కవరొకటి తొడిగితే చాలు.